పెద్ద బాజా పుస్తకంలో పై వరుస

ఈదయ్య ముందుపళ్ళు కదలడం మొదలైంది 2009 పెళ్ళిళ్ళ సీజన్‌లోనే. సూర్యాపేట పళ్ళ డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, వచ్చే వారం తీసేద్దామన్నాడు. పళ్ళు పోతే అన్నం మెత్తగా వండుకుని తినొచ్చు. ట్యూబా ఊదడం మాత్రం కుదరదు, పెదవుల వెనక ఆసరా ఉండాలి కదా. పెళ్ళి బ్యాండులో పెద్ద బాజా అని పిలిచే ఆ ఇత్తడి గంగాళాన్ని ఈదయ్య ఇన్నేళ్ళూ భుజాన మోశాడు. ఊరేగింపులో జనం డ్రమ్ముల ముందు చిందులేస్తారు, క్లారినెట్ వాడికి శాలువా కప్పుతారు. పెద్ద బాజా వాడి మొహం ఎవరికీ గుర్తుండదు. దానికి బాధపడడం ఈదయ్య ఎప్పుడో మానేశాడు. భార్య పోయాక ఇంట్లో పలకరించే మనిషి కూడా లేదు.

అతని బాధల్లా ఒక పుస్తకం గురించి.

గురువు తులసీరాంది కోదాడ. మిలటరీ బ్యాండులో చేసి, ఆయాసం పట్టుకుని ఇంటికొచ్చిన మనిషి. వస్తూ వస్తూ, ట్యూబా నేర్చుకునేవాళ్ళ కోసం ఏ దేశంలోనో అచ్చేసిన పాత పుస్తకం ఒకటి తెచ్చాడు. అట్ట లేదు. రాసినవాడి పేరు అట్టతోపాటే పోయింది. అందులో చివరి పాఠం ఇద్దరు కలిసి ఊదేది. పై వరుస గురువుకు, కింది వరుస శిష్యుడికి. శిష్యులకు స్వరాలు చదవడం రాదు గనక, ఏ మీట నొక్కాలో కింది వరుసకు పెన్సిలుతో అంకెలు వేశాడు. పై వరుస తనదే కాబట్టి దానికి వేయలేదు. తీరా ఊదుదామంటే ఆయనకు ఊపిరేదీ? కింది వరుస ఆగిన చోటల్లా చెయ్యెత్తి, "ఇక్కడ నేను ఊదుతున్నాననుకోరా" అనేవాడు.

ఈదయ్య అనుకునేవాడు. గురువు పోయి పుస్తకం తన చేతికొచ్చాక కూడా, ఒంటిగదిలో కూర్చుని కింది వరుస ఊదుతూ, ఆగాల్సిన చోట ఆగి, అనుకుంటూనే ఉన్నాడు. ఆ పాట ఎట్లా ఉంటుందో మాత్రం ఒక్కసారీ వినలేదు. తెలిసిన బ్యాండువాళ్ళలో స్వరాలు చదవడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. తమ బ్యాండులో క్లారినెట్ ఊదే నాగరాజుకు చూపిస్తే, "గీ చీమల బారు ఎవలికి సమజైతదే కాకా? సీడీ వెట్టు, ఒక్కసారి ఇంటే ఊదుత" అని నవ్వాడు.

ఆ సీజన్‌లోనే నిడమనూరు పెళ్ళిలో కలిసిన ఒక బ్యాండు మనిషి చెప్పాడు, మిర్యాలగూడలో మైసయ్య అని ఒకాయన ఉన్నాడని, ఆయనా తులసీరాం శిష్యుడేనని. ఈదయ్య ఆ పేరే వినలేదు. తులసీరాం పద్ధతి అలాంటిది మరి, ఒకరు నేర్చుకుంటుంటే ఇంకొకరు గుమ్మం తొక్కకూడదు. మైసయ్య తనకంటే చాలా ముందు నేర్చినవాడట. అప్పటికి గురువుకు ఊపిరి ఉండే ఉంటుంది. పై వరుస ఊదే ఉంటాడు, మైసయ్య విని పట్టే ఉంటాడు. ఈదయ్యకు ఆశ పుట్టింది. పళ్ళు పోయేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, రెండు వరుసలూ కలిపి వింటే చాలు.

ట్యూబాను బొంతలో చుట్టి బస్సెక్కాడు.

"కాకా, దానికి గూడ సీటు గావాల్నా?" అన్నాడు కండక్టరు. ఈదయ్య దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

మైసయ్య ఇల్లు రైసుమిల్లు వెనక సందులో. పుస్తకం చూడగానే కళ్ళకద్దుకుని, "సారు పుస్తకం నీకే ఇచ్చిండా తమ్మీ!" అని లోపలికి పరుగెత్తి తన ట్యూబా తెచ్చాడు. భార్య గోపమ్మ చాయ్ పెట్టడానికి వెళ్ళింది. ఇద్దరూ వాకిట్లో ఎదురెదురుగా కూర్చున్నారు. ఈదయ్య కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

రెండు ట్యూబాలూ ఒకే స్వరం పలికాయి. ఒకేలా నడిచాయి. ఆగాల్సిన చోట రెండూ ఆగిపోయాయి.

"ఊదవేందే అన్నా? పై వరుస నీదే గద" అన్నాడు ఈదయ్య.

"నాదెట్లయితది? పుస్తకం నీకిచ్చిండంటే నీకే నేర్పిండనుకున్న. నాకు సెయ్యెత్తి సూపెట్టుడే. ఊదుతున్నాననుకో అనెటోడు."

"సారుకు గప్పుడు గూడ ఊపిరి లేకుండెనా?"

"నేను వొయ్యేటాల్లకే లేదు. నీ చేతుల పుస్తకం సూడంగనే, ఇగ ఇయ్యాల ఆ పాట ఇంట అనుకున్న తమ్మీ."

గోపమ్మ చాయ్ గ్లాసులు తెస్తూ అడిగింది. "ఇద్దరు గల్సి దుందుం అనుడేనాయె. పాట ఎప్పుడొస్తది?"

"రాదు వదినా" అన్నాడు ఈదయ్య. అన్నాక ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పాట ఎవరి దగ్గరో ఉందని, తనకే అందలేదని బెంగపడ్డాడు. అది ఎవరి దగ్గరా లేదు. గురువు దాన్ని వెంటబెట్టుకుని పోయాడు. మైసయ్య తల వంచుకుని మీటలు తుడుస్తూ కూర్చున్నాడు, తుడిచిందే తుడుస్తూ.

కాసేపటికి ఈదయ్య మొహం తుడుచుకున్నాడు.

"మళ్ళ మొదటికెల్లి ఊదుదామా అన్నా?"

"పై వరుస లేకుండనా?"

"లేకుండనే."

ఊదారు. వాళ్ళు ఆగిన ప్రతి చోటా గోపమ్మ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, ఇప్పుడొస్తుందేమోనని వింటూనే ఉంది.