సీసాడు ఇంధనం

నాచారంలోని మా కంపెనీలో గౌతమి చేసే పనేమిటో చెబితే ఉప్పల్ ఆటోవాళ్లు కూడా నవ్వేవారు. వరిగడ్డిని రసాయన ద్రావకంలో ఉడికించి, గట్టి పీచు విడగొట్టి, లోపలి చక్కెరను పులియబెట్టి ఇంధనం తీయాలి. "గుడుంబా బట్టీ అని సక్కగ జెప్పరాదమ్మా!" అని ఆటపట్టించేవాడు వాచ్‌మన్ పోశయ్య.

రెండేళ్లు కష్టపడి చివరికి తీసింది. ఒకే ఒక్క సీసా. ప్రదర్శన రోజున, నిధులిచ్చే ముఖ్య అతిథి ముందు దాంతో జనరేటర్ నడిస్తే ఆమె ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే.

ఏ సభకైనా ముందు జ్యోతి వెలగాలి కదా. షెడ్డులో పెద్ద కూలర్ అతిథి వైపే తిప్పి పెట్టారు. గీసిన పుల్ల గీసినట్టే ఆరిపోతోంది. కూలర్ ఆపితే అతిథికి చెమట, దీపం వెలగకపోతే అపశకునం. మా డైరెక్టర్ జనార్ధనరావు అటూ ఇటూ చూసి, బల్ల మీదున్న సీసా అందుకుని ఒత్తుల మీద గుమ్మరించేశాడు.

"సార్, అది..." అంటూ గౌతమి పరుగెత్తుకొచ్చేలోపే సీసా ఖాళీ అయింది.

ఈసారి పుల్ల గీయగానే భగ్గుమంది. అతిథి మీసం వెంట్రుకవాసిలో తప్పింది.

"అబ్బ, మస్తు అంటుకున్నది! ఏంది గిది?"

"మేలురకం కర్పూరం సార్," అన్నాడు డైరెక్టర్. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికి అన్నవాడు మా సారు ముందు ఎందుకూ పనికిరాడు.

ఇక జనరేటర్‌లో పోయడానికి ఏమీ మిగల్లేదు. నా బండిలోంచి పెట్రోల్ తీయించి పోశారు. అది ఝామ్మని నడిచింది. అతిథి వంగి వాసన చూశాడు.

"అచ్చం పెట్రోలే!"

"అంత బాగా శుద్ధి చేశాం సార్."

నాకు ఒళ్లు మండిపోయింది. గౌతమి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతిథి మైకు అందుకున్నాడు. "గడ్డిలకెల్లి పెట్రోల్ తీసిన్రు. పనయిపోయె! ఇంక దీని మీద పైసలెందుకు? గా కర్పూరం మీద పెట్టున్రి. గంత గాలికి గూడ ఆరలే!"

చప్పట్లు మోగాయి. డైరెక్టర్ మురిసిపోతూ గౌతమి దగ్గరికి వచ్చాడు.

"చూశావా అమ్మా, నీ ఉద్యోగం నిలబెట్టాను. రేపటి నుంచి కర్పూరం చెయ్యి."

గౌతమి కళ్లు తుడుచుకుని ఖాళీ సీసా చేతిలోకి తీసుకుంది.

"గట్లనే సార్. ముందుగాల ఒక లారీ వరిగడ్డి తెప్పియ్యున్రి."