కొండకి అడ్డం

నేను ఒక రేకుని. మామూలు ఇనపరేకుని, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. "ఇచ్చట జాకెట్లు కుట్టబడును" అని సగం చెరిగిన అక్షరాలు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నాయి. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఏ బస్సుకో పైకప్పునవుతానని మురిసిపోయాను. తీరా దర్జీ బోర్డునయ్యాను, దుకాణం ఎత్తేశాక కోళ్లగూటికి తలుపునయ్యాను. మనుషులు దేన్నీ పారేయరు, అలాగని సరిగ్గా వాడనూ వాడరు.

కోళ్లగూటి నుంచి నన్ను పీకింది ఎర్రినాయుడు. కొండ కింద ఇంటర్నెట్ టవర్ చూసుకునే మనిషి. ఆ టవర్ మీద రెండు యాంటెన్నాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి బజారు వైపు చూస్తుంది, ఇంకోటి కొండ మీది గూడెం వైపు. రెండూ ఒకేసారి మాట్లాడేవి, ఒకదాని మాటలోకి ఇంకోటి దూరేది. బజారులో సినిమాలు ఆగి ఆగి వచ్చేవి, దానికేం కొంప మునగదు. గూడెంలో మాత్రం నర్సు కోటమ్మ ప్రతి గురువారం గర్భిణులను ఫోన్ తెర మీద పట్నం డాక్టరమ్మకి చూపించేది. ఆ బొమ్మ బిగుసుకుపోయేది. పార్వతాలుకి ఎనిమిదో నెల. ముఖం, కాళ్లు పొంగిపోయాయి. ఈ గురువారం తప్పకుండా చూడాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

బుధవారం ఎర్రినాయుడు విశాఖలో ఉన్న ఇంజనీరు మాధురికి ఫోన్ చేశాడు.

"కొండ వైపు దాన్ని అడ్డం పెట్టు నాయుడూ" అందావిడ.

అంటే ఆ యాంటెన్నాని పక్కకి తిప్పి బిగించమని. ఒకదాని తరంగం నిలువుగా, ఇంకోదానిది అడ్డంగా వెళితే రెండూ కలవవు. గాలి హోరులో మనవాడికి "దానికి అడ్డం పెట్టు" అని వినబడింది. తేడా ఒక్క అక్షరం. "ఏటి అడ్డం పెట్టమంటారమ్మా?" అని ఒక్క ముక్క అడిగుంటే సరిపోయేది. తెలీదంటే చులకనైపోతామని మనుషులకి మహా భయం.

గాలికి దీపం ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు, నన్ను తీసుకెళ్లి కొండ వైపు యాంటెన్నా ముఖానికి కట్టాడు. బజారులో సినిమాలు టక్కున కుదురుకుని ఆగకుండా ఆడసాగాయి. "అయిపోయిందమ్మా, బెమ్మాండంగా ఉంది" అని మాధురికి చెప్పి భోజనానికి వెళ్లిపోయాడు. నిజమే, గొడవపడే ఇద్దరిలో ఒకరి నోరు నొక్కేస్తే ఇంకొకరి మాట బ్రహ్మాండంగానే వినబడుతుంది.

గురువారం పొద్దున్నుంచీ గూడెం నుంచి వచ్చిన ప్రతి పిలుపూ నాకే తగిలింది. వందసార్లు తగిలి ఉంటుంది. తప్పుకుందామంటే బిగించిన తీగ వదల్లేదు. ఫిర్యాదు చెయ్యడానికి గూడేనికి వేరే దారి లేదు, ఉన్న ఒక్క దారికీ నేనే అడ్డం. నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పార్వతాలుని డోలీలో దించారు. డోలీ కర్రని ముందు మోస్తున్నది ఆమె మొగుడు జమ్మయ్య. టవర్ పక్కనుంచే వెళ్లారు. ఎర్రినాయుడు దారి ఇచ్చి పక్కకి జరిగాడు.

గూడెం లైను పలకడం లేదని తెలిసి శనివారం మాధురి వచ్చింది. పైకి చూసింది. నన్ను విప్పించి కింద పడేయించి, స్పానరుతో యాంటెన్నా తిప్పించింది. పది నిమిషాల పని.

సాయంత్రం జమ్మయ్య ఒక్కడే టవర్ దారినే తిరిగొచ్చాడు, చేతుల్లో తెల్లగుడ్డ మూటతో. పార్వతాలు బతికింది, ఆస్పత్రిలో ఉంది. మూటని ఒక చంకకి మార్చుకుని నా వైపు చూశాడు.

"ఈ రేకు తమకి పనికొత్తాదా బాబూ?"

ఎర్రినాయుడు తల దించుకునే, "పట్టుకుపో" అన్నాడు.

గూడెం చివర చిన్న గొయ్యి తవ్వి, మూటని పూడ్చి, నక్కలు తవ్వకుండా నన్ను అడ్డం పెట్టాడు. పైన నాలుగు రాళ్లు పేర్చాడు. ఈసారి నన్ను పెట్టాల్సిన చోటే పెట్టారు.

ఇప్పుడు గురువారాల్లో డాక్టరమ్మ గొంతు ఇక్కడిదాకా శుభ్రంగా వినిపిస్తుంది. "తర్వాత ఎవరమ్మా?" అని అడుగుతుంటుంది.