మెట్టు కొలత

చాయ్ అన్న మాటకు ఆ ఇంట్లో రెండు అర్థాలు ఉండేవి. ఒకటి లోకానికంతటికీ తెలిసినదే. రెండోది జ్యోతిరాణికీ ఆమె భర్త ఏసుదాసుకూ మాత్రమే తెలుసు. తనకు తెలుసని ఏసుదాసు ఎన్నడూ ఒప్పుకోలేదు.

తాండూరు నుంచి కొడంగల్ వెళ్లే రోడ్డు పక్కన అతని వెల్డింగ్ షెడ్డు, దాని వెనక గోడకు ఆనుకుని వాళ్ల వంటిల్లు. పికప్ బండ్లకు కావలసిన ఇనుప హంగులన్నీ ఆ షెడ్డులో తయారవుతాయి. ముందు గార్డు, పైన క్యారియరు, పక్కలకు జాలీలు, గొర్రెలకు రెండంతస్తుల పంజరం. కంపెనీ చేసే బండి ఒక్కటే అయినా దాని మీద మోసే బరువు ఊరికొక తీరు. అందుకే ప్రతి గిరాకీ ఏదో ఒక కొత్త చిక్కును వెంటబెట్టుకుని వస్తాడు. ఏసుదాసు వేసిన అతుకు అతుకులా కనిపించదు. ఆ పనితనంలో అతనికి వంక పెట్టలేము. కాని చిక్కు విప్పవలసి వచ్చినప్పుడు గడ్డం గోక్కుంటాడు, టేపు లాగి వదులుతాడు, ఆ తరువాత వంటింటి వైపు తిరిగి "జ్యోతీ, చాయ్" అని కేక వేస్తాడు. కేక వేసి ఊరుకోడు. "మా ఇంటామెకు ఇనపడలేదు" అంటూ తానే లోపలికి వస్తాడు. పొయ్యి పక్కన నాపరాతి బండ మీద ఆమె సుద్దముక్కతో నాలుగు గీతలు గీస్తుంది. అవి కళ్లనిండా చూసుకుని, చాయ్ గ్లాసులు పట్టుకుని బయటికి వెళ్లి, "ఇగో, నాకొక ఐడియా తట్టింది" అంటాడు.

నాపరాళ్లు మోసే బండికి నిలువు స్టాండు అలాగే పుట్టింది. పరిచి తీసుకుపోతుంటే సగం బండలు దారిలోనే పగులుతున్నాయని కరణ్‌కోట వైపు నుంచి ఒకాయన తల పట్టుకుని వచ్చాడు. జ్యోతిరాణి అప్పుడు గిన్నెలు కడుగుతూ ఉంది. పెళ్లినాటి పింగాణీ పళ్లేలు ఇన్నేళ్లలో ఒక్కటైనా ఎందుకు పగల్లేదు? చెక్కస్టాండులో ఒకదాని పక్కన ఒకటి కాస్త ఒరిగి నిలబడ్డాయి కనుక. ఆమె పళ్లేల స్టాండునే పెద్దది చేసి గీసి, ఇనుము మీద పాత టైరు రబ్బరు తొడగమన్నది. ఆ స్టాండు చూసిన వాళ్లందరూ "నీ దిమాగు మామూలుది కాదన్నా" అని ఏసుదాసు భుజం తట్టారు. అన్నం తింటూ ఆ మెచ్చుకోలును అతను ఆమెకే వినిపించాడు, పొరుగింటామెకు చెప్పినట్టు.

అతను చెడ్డవాడు కాడు. తాగడు, చేయి ఎత్తడు, ఆదివారం తప్పకుండా చర్చిలో ముందు వరుసలో కూర్చుంటాడు. చూపించడానికి ఒక్క గాయమైనా లేని అన్యాయం అది. దాన్ని ఎవరి ముందు పెట్టుకోవాలో జ్యోతిరాణికి తెలిసేది కాదు. వికారాబాదులో సిస్టర్ల బడిలో చదివినప్పుడు లెక్కల సిస్టరు ఒక మాట అంటూ ఉండేది: "వంకర గీతకు మార్కులు తగ్గిస్తాను. పక్కవాళ్లది చూసి గీసిన గీతకు సున్నా వేస్తాను." పక్కవాళ్లు చూసి గీసుకోవడానికి బండ మీద గీసిపెట్టే పిల్లకు ఎన్ని మార్కులు వేస్తుందో ఆ సిస్టరు చెప్పలేదు. జ్యోతిరాణి గీసిన గీతలు మరునాటి దాకా ఎటూ నిలిచేవి కావు. అత్త భాగమ్మ తెల్లవారగానే తడిగుడ్డతో తుడిచేది. "అన్నం వండే జాగ ఇది, బడి కాదు" అనేది.

మొన్నటి ఎండాకాలం నవాబుపేటలో బంధువుల పెళ్లికి అందరూ ఒక పికప్‌లో బయలుదేరారు. సామాన్ల బండిలో మనుషులను ఎక్కించరాదని చట్టం ఉంది. ఆ రోడ్ల మీద ఆ చట్టానికి చూపు తక్కువ, ఎక్కేది పేదవాళ్లయితే మరీ తక్కువ. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు పండ్ల మధ్య కరిచి, ఒక కాలు టైరు మీద వేసి, రెండో కాలు అంచు మీదికి లేపి ఎక్కాలి. కింద మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. జ్యోతిరాణి టైరు మీద తడబడిన క్షణంలో ఒక అరచేయి వెనక నుంచి ఆమెను తాకింది, ఆగింది, పైకి తోసింది. ఆమె తిరిగి చూసేసరికి అందరి ముఖాలూ వేరే వైపు ఉన్నాయి. ఇంటికి వచ్చాక భర్తతో చెప్పాలని నోరు తెరిచింది. "ఆ బండి ఎక్కుడు..." అనేలోపే అతను అందుకున్నాడు. "ఎక్కినవు గద, ఇంక పరేషానేంది?" 

ఆ వారం ఆమె ఎవరూ అడగకుండానే బండ మీద ఒక బొమ్మ గీసింది. పికప్ వెనక డోరుకు మడత మెట్టు. ఏసుదాసు చూసి పకపక నవ్వాడు. "సామాన్ల బండికి మెట్టేందే? బస్తాలు నడిచి ఎక్కుతయా?" తన చమత్కారం తనకే నచ్చి, వచ్చిన గిరాకీలందరికీ చెప్పుకున్నాడు. భాగమ్మ తుడిచినప్పుడల్లా జ్యోతిరాణి ఆ బొమ్మను మళ్లీ గీసేది.

కంది కోతలు మొదలైన రోజుల్లో బీరన్న కొత్త పికప్ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. తెల్లవారుజామున ఊళ్ల నుంచి ఆడకూలీలను కంది చేలకు చేర్చడం, పొద్దుగూకే వేళ కందులు మోయడం అతని పని. వెంట కొండమ్మ వచ్చింది. ఆ కూలీలను కూడగట్టే పెద్దమనిషి ఆమె. ఎడమ చేతికి కట్టు ఉంది.

"అన్నా, ముందర గార్డు మస్తుండాలె," అన్నాడు బీరన్న. "క్యారియర్ మీద నా పేరు ఇనుప అక్షరాలల్ల రావాలె."

"పేరు తర్వాత పెట్టుకుందువు గాని, ముందుగాల మేమెక్కే తొవ్వ చూపియ్యి," అన్నది కొండమ్మ. "మంచుకు టైరు తడిసుండె. జారి చెయ్యిరగ్గొట్టుకుంటి. రేపటి సంది నా ఆడోళ్లు నీ బండిల కాలు పెట్టరు."

"అన్ని బండ్లకు గదే టైరు గదత్తా. నీకేమన్న ఇమానం మెట్లు గావాల్నా?"

"మీ అవ్వ గిట్ల జారితే గూడ నవ్వుతవా కొడుకా?"

బీరన్న నవ్వు ఆగిపోయింది. ఏసుదాసు మధ్యలోకి వచ్చాడు.

"ఒక ఇనుప స్టూల్ చేసిస్త పెద్దమ్మా. కిందేసుకొని ఎక్కుండ్రి."

"అందరెక్కినంక కిందున్న స్టూల్ ఎవలు తెస్తరు? నడుసుకుంట అదే వస్తదా?"

ఏసుదాసు గడ్డం గోక్కున్నాడు. టేపు లాగి వదిలాడు.

"జ్యోతీ, చాయ్."

లోపలికి వచ్చి గొంతు తగ్గించాడు. "గా మెట్టు బొమ్మ గీస్తుంటివి గద, ఏది?"

"అత్తమ్మ పొద్దుగాల్నే తుడిచింది."

"మళ్ల గియ్యి, జల్ది. గిరాకీ పోయేటట్టున్నది."

జ్యోతిరాణి అలవాటుగానే సుద్దముక్క తీసి బండ మీదికి వంగింది. సుద్ద రాతికి ఆనింది, కదలలేదు. పొయ్యి మీద పాలు పొంగుకు వస్తున్నాయి. నవాబుపేట పెళ్లినాటి ఆ అరచేతికి ముఖం లేదు. ముఖం లేదు కనుకనే దానికి అంత ధైర్యం. ఇన్నేళ్లుగా ఈ బండ మీద గీస్తున్న చేతికి మాత్రం ముఖం ఉందా? చాయ్ గ్లాసుల చాటున ఆ గుమ్మం దాటిన ప్రతి ఆలోచనా ముఖం పోగొట్టుకునే దాటింది. తప్పు చేసినవాడు దాక్కున్నాడు, సరే. ఏ తప్పూ చేయని తాను ఎందుకు దాక్కుంటున్నట్టు? ఈ మెట్టు కూడా 'నాకొక ఐడియా తట్టింది' అయిపోతే, అది ఎందుకు కావలసి వచ్చిందో చెప్పే నోరు ఇక ఉండదు.

"ఈడ గియ్యను," అన్నది. "బయటికొచ్చి గీస్త."

"గిరాకీల ముంగటనా? ఏమనుకుంటరే?"

"మెట్టనుకుంటరు."

పొయ్యి ఆర్పి, కొంగుకు చేతులు తుడుచుకుని, సుద్దముక్కతో ఆమె షెడ్డులోకి నడిచింది. ఏసుదాసు ఖాళీ చేతులతో వెనకే వచ్చాడు. ఏదో ఒకటి చేయాలి కనుక టేపు లాగి బండి ఎత్తు కొలవబోయాడు.

"బండిని తర్వాత కొలువు. ముందుగాల మనిషిని కొల్వాలె," అన్నది జ్యోతిరాణి. కొండమ్మను ఇనుప స్తంభం పక్కన నిలబెట్టింది. "పెద్దమ్మా, చీర పట్టుకోకు. కాలెంత లేస్తదో గంతే లేపు."

కొండమ్మ పాదం లేచి ఆగిన చోట స్తంభం మీద ఒక గీత పడింది. ఏసుదాసు అనుకున్నదానికంటే అది చాలా కింద ఉంది. ఆ గీతను బట్టి నేల మీద బొమ్మ లేచింది. గరుకు రేకుతో రెండు మెట్లు, డోరుకు మడతబందులు, ఒక గొలుసు. "ఆఖరుకు ఎక్కినామె పైకెల్లి గొలుసు గుంజితే మెట్లు మడుసుకొని డోరుకు ఆనుకుంటయ్."

"పక్కలకు ఈ రెండు కడ్డీలెందుకు వదినె?" అడిగాడు బీరన్న.

"పట్టుకోనీకి. ఎనకకెల్లి ఎవ్వరి చెయ్యీ అక్కర లేకుంట."

కొండమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నిన్ను గూడ ఎక్కించిన్రా బిడ్డా?"

"ఎక్కించిన్రు పెద్దమ్మా."

ఏసుదాసు చేతిలోని టేపు పట్టు తప్పి చటుక్కున డబ్బాలోకి చుట్టుకుపోయింది. అతను దాన్ని మళ్లీ లాగలేదు. బీరన్న నేల వైపు చూస్తూ, "గార్డు తర్వాత చూద్దమన్నా, ముందుగాల మెట్టు కానియ్యి," అన్నాడు.

మెట్టు చేసేటప్పుడు ఏసుదాసు ప్రతి అతుకు దగ్గరా ఆగి, "ఈడనా?" అని అడిగాడు. "జర కిందికి," అన్నది ఆమె. ఆ సాయంత్రం ఎప్పుడో ఒకసారి, వెల్డింగ్ కళ్లద్దాలు తీయకుండానే, "ఆ పొద్దు నువ్వు చెప్పబోతుంటే నేను ఇననే ఇనలేదు," అన్నాడు. ఆమె ఇనుమును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అతుకు నున్నగా పడింది.

మెట్టు బిగించాక మొదట ఎక్కింది కొండమ్మ కాదు, భాగమ్మ. తడిగుడ్డ గుమ్మం మీద వేసి వచ్చి, రెండు కడ్డీలు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కి బండిలో నిలబడింది. వయసులో ఉన్నప్పుడు ఆమె క్వారీ లారీలెక్కి పనికి పోయిన మనిషి. రోడ్డు వైపు చూస్తూ, "గీ మెట్టు నేను కూలికి పోయిన్నాడు యాడ పోయిందే?" అన్నది.

మరునాడు షెడ్డు ఊడ్చేటప్పుడు భాగమ్మ చీపురు సుద్ద గీతల దాకా వచ్చి, వాటి చుట్టూ తిరిగి పోయింది.

ఆ తరువాత పాలక్యాన్లు ఒరిగిపోతున్నాయని ఒకాయన బండి తెచ్చాడు. ఏసుదాసు గడ్డం గోక్కుని, టేపు లాగి వదిలి, వంటింటి వైపు తిరిగి, "జ్యోతీ, చా..." అని ఆగిపోయాడు. జ్యోతిరాణి వంటింట్లో లేదు. అతని పక్కనే, సుద్దముక్కతో నేల మీద కూర్చుని ఉంది.

అతను టేపును ఆమె పక్కన పెట్టాడు. "ఆమె చెప్తది, ఇను," అని గిరాకీతో అని లోపలికి నడిచాడు. డబ్బాలు కదిలిన చప్పుడు. తరువాత గొంతు.

"చాయ్‌పత్త యాడున్నదే?"

"మూతలు తీసి చూడు," అన్నది జ్యోతిరాణి, గీస్తున్న గీత నుంచి చేయి ఎత్తకుండా.