మేకున మిగిలిన బిళ్ల

బెల్లంపల్లి నుంచి ఆసిఫాబాద్‌కు పన్నెండు నిమిషాల్లో పోయిన మొనగాడు మా పరశురాములు. వెనక లేచిన దుమ్ము చూసి రెబ్బెన వాళ్లు సుడిగాలి వచ్చిందనుకొని పశువుల్ని కొట్టాల్లో కట్టేసుకున్నారు. అరవై దాటిన మనిషి, ఆ వయసులో సగం బొగ్గుబాయిలో నడుం వంచినవాడు, రేసు బండి మీద! నమ్మకపోతే మీ ఖర్మ.

ఆ బండి అతను ముచ్చటపడి కొన్నది కాదు. కొడుకు అరుణ్ కరీంనగర్‌లో కొలువు చేసుకుంటూ, దాని కోసం మూడేళ్లు కలగని, పైసలన్నీ కట్టి ఎదురుచూస్తున్నాడు. బండి కంటే ముందు డెంగీ వచ్చింది. దినాలు ముగిసిన పదిహేను రోజులకు షోరూము నుంచి ఫోను. "అరుణ్ గారి బండొచ్చింది, ఎప్పుడొస్తరు సార్?" పరశురాములు "వస్తున్న" అన్నాడు.

వ్యానులోంచి దింపిన ఎర్ర బండిని చూసి అతని భార్య సారక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరు నడుపుతరు దీన్ని? అమ్మెయ్యి."

"అమ్ముత. ఒక్కపారి ఆసిఫాబాద్ పోయొచ్చి అమ్ముత. బండి రాంగనే నిన్ను ఎనక కూసోబెట్టుకొని అత్తమ్మ ఇంటికి తీస్కపోత బాపు అనలేదానే వాడు?"

"వాడు పాయె. నువ్వు సుత పోతవా?"

పరశురాములు పెట్టె తెరిచి ఇత్తడి బిళ్ల తీశాడు. బాయిలోకి దిగేముందు ప్రతి కార్మికుడూ తన నంబరున్న బిళ్ల పైన మేకుకు తగిలించి పోవాలి, ఎక్కొచ్చాక తీసుకోవాలి. మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. కొలువు దిగిపోయిన రోజు అడిగి తెచ్చుకున్నాడు దాన్ని.

"ఇగో, ఉంచు. మల్లొచ్చి తీస్కుంట."

సారక్క దాన్ని గుమ్మం పక్క మేకుకు తగిలించింది. ముప్పై ఏళ్లు అతను ఆ బిళ్ల మళ్లీ తీసుకుంటాడన్న ఆశ మీదే బతికిన మనిషి, కాదనలేకపోయింది.

ఎక్కబోతూ అతను పాత అలవాటు కొద్దీ పెట్రోలు ట్యాంకును వేలి కణుపులతో తట్టి చెవి పెట్టాడు. బాయిలో పైకప్పును అట్లాగే కర్రతో తట్టి చూస్తారు. డొల్లగా పలికితే కింద నిలబడరు, కూలుతుంది. ట్యాంకు డొల్లగా పలికింది.

"ఇన్నవా?" అంది సారక్క, ముఖం పాలిపోయి.

"పెట్రోల్ లేదే, పిచ్చిదానా!" అన్నాడు గానీ, అతని గుండె కూడా ఒకసారి డొల్లగానే పలికింది.

పెట్రోలు పోయించుకొని రోడ్డెక్కాడు. ఆ బండి మీద కూర్చోవడం కూర్చోవడం కాదు, బోర్లా పడుకోవడం. కప్పు తక్కువున్న చోట బాయిలో పాకినట్టే ఉంది. బరువంతా మణికట్ల మీదే. తొడల మధ్య ఇంజను కుంపటిలా కాగుతోంది. అద్దంలో చూస్తే తన మోచేయి తప్ప ఏమీ కనబడదు. వెనక అరచేయంత సీటు. తాను కూర్చోవలసింది అక్కడ. ముందు కూర్చోవలసినవాడు లేడు.

పన్నెండు నిమిషాలన్నానా? తాండూరు దాటడానికే ముప్పావుగంట పట్టింది. పత్తి ఏరబోయే ఆడవాళ్ల ఆటో ఒకటి అతన్ని దాటిపోయింది కూడా.

"ఓ తాతా, బండి దిగి నూకరాదు? జల్దిన పోతవ్!" అని ఒకామె.

"గుర్రం మీన గొంగడేసినట్టున్నవ్!" అని ఇంకొకామె.

పరశురాములు హెల్మెట్‌లోనే నవ్వాడు. దినాలయ్యాక అదే మొదటి నవ్వు. ఆ ఊపులోనే కుడిచేయి కొంచెం తిప్పాడు.

కొంచెమే. బండి అరిచింది. చెట్లు గోడలా కలిసిపోయాయి. చెవుల్లో గాలి, కళ్లలో తెల్లగీత, ఇంకేమీ లేదు. ఇల్లు లేదు, బాయి లేదు, దవాఖానా మంచం లేదు.

రెబ్బెన దగ్గర చెయ్యి సడలించాక తెలిసింది. అంతసేపూ తనకు కొడుకు పోయిన సంగతి గుర్తే లేదు. వాడు పోయినప్పటి నుంచి అట్లాంటి ఘడియ లేదు. వేగానికి బెదరని మనిషి ఆ మరుపుకు బెదిరిపోయాడు. ఇంకోసారి తిప్పాలని చెయ్యి గుంజుతోంది మరి. బండి పక్కకు ఆపి, పెట్రోలు నిండిన ట్యాంకు మీద తల ఆన్చి ఏడ్చాడు. ఆసిఫాబాద్ చేరనే లేదు. అక్కడి నుంచే మళ్లాడు, ఎడ్లబండి నడకన.

ఇల్లు చేరేసరికి సారక్క గడపలోనే ఉంది. పొద్దటి నుంచి అక్కడే ఉన్నట్టుంది. లేచి మేకుకున్న బిళ్ల తీసి అతని చేతిలో పెట్టింది. పరశురాములు దాన్ని బొటనవేలితో రుద్ది, మళ్లీ మేకుకే తగిలించాడు.

"అదేంది? వచ్చినవ్ గద, తీస్కో."

"ఒక మనిషి ఇంక లోపట్నే ఉన్నడు సారక్కా. బిళ్ల తియ్యద్దు."

బండిని ఆ వారంలోనే మంచిర్యాల వాళ్లెవరో కొనుక్కుపోయారు. బిళ్ల ఇప్పటికీ మేకుకే ఉంది, కావాలంటే పోయి చూసుకోండి.

రెబ్బెన పశువుల సంగతి అబద్ధమని మీకు ముందే తెలిసుంటుంది, అది లెక్కలోకి రాదు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ఆ ఆటో. ఆ పొద్దున ఆ తోవలో ఎవ్వరూ ఎదురుపడలేదట, ఎవ్వరూ నవ్వించలేదట. అంత దూరం అతను ఒక్కడే పోయాడని చెప్పడానికి నాకే నోరు రాలేదు.