కలుపు తీసిన చెల్లెలు

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, రిటైరైన టైపిస్టు పెరట్లోకి వెళుతుంది. వీధంతా ఆవిడని అక్క అనే పిలుస్తుంది. ఆవిడ పెంచేవి కొట్లో కొన్న పూలమొక్కలు కావు. ఈ నేలలోనే పుట్టి, ఒక్క ఏడాది బతికి, గింజ రాల్చి పోయే అడవి పూలు. మట్టిని పైపైన గీరి, గింజల్ని ఇసుకలో కలిపి చల్లి, అరికాలితో నొక్కి వదిలేస్తుంది. ఎరువు వెయ్యదు. "బలిస్తే ఆకులే వేస్తాయి, పూలు మర్చిపోతాయి" అంటుంది. ఎండిన కాడల్ని కూడా గింజ రాలేదాకా ఎవర్నీ పీకనివ్వదు. అంత ఓపిక ఆ వీధిలో ఇంకెవరికీ లేదు, ఒట్టు.

ఆ పూలకోసం తేనెటీగలు బారులు తీరతాయి. పూల దగ్గర అన్న మాటని పుప్పొడితో పాటు కాళ్ళకి అంటించుకుపోయి, తర్వాత వాలిన చోట దులిపేస్తాయి. అందుకే వీధిలో అందరూ కిటికీ కుండీల్లో ఆ గింజలే చల్లుకున్నారు. "మీ జాకెట్టు కుట్టడం అయిపోయిందండీ" అని దర్జీ తన కుండీ దగ్గర చెబితే, భోజనాల వేళకి మాట చేరుతుంది. ఫోను కంటే నయం, మధ్యలో తెగదు.

ఒక్క నర్సు ఇంట్లోనే కుండీ లేదు. ఆమె అక్కకి సొంత చెల్లెలు, వీధి చివరి ఇల్లు. మూడేళ్ళ కిందట అక్క ఆసుపత్రిలో ఉంటే, సాయం చేద్దామని పెరడంతా కలుపు తీసింది. తీసిందంతా మొక్కలే. లేత మొలకలు అచ్చం కలుపులాగే ఉంటాయి మరి. ఇంటికొచ్చి చూసిన అక్క "నా గడప తొక్కకు" అంది. ఇరుగుపొరుగు తలా గుప్పెడు గింజలు తిరిగిస్తే పూలమడి కోలుకుంది కానీ, మాటలు మాత్రం ఆగిపోయాయి.

ఇంకెవరి కోసం ఇక్కడ ఉండాలని చెల్లెలు వేరే ఊరి ఆసుపత్రిలో పని చూసుకుంది. ఇవాళే ప్రయాణం. సామాను సగం లారీ ఎక్కాక, పూలబొమ్మల కర్టెను మడతపెడుతుంటే, ఒక తేనెటీగ దాన్ని నిజం పువ్వనుకుని వాలింది. కాళ్ళు దులిపింది. అక్క గొంతు వినిపించింది.

"మోకాళ్ళు వంగి చావడం లేదు. ఆ మొద్దుమొహంది వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని ఇది మొక్కే, ఇది కలుపే అని చూపిద్దును. మూడేళ్ళయింది దాన్ని నోరారా తిట్టి."

చెల్లెలికి ఏడుపు ఆగలేదు. కర్టెను అక్కడే పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి పొడవునా పరిగెత్తింది. అక్క మడి పక్కన పీట మీద కూర్చుని ఉంది. తల ఎత్తలేదు కానీ, కాస్త పక్కకి జరిగింది. చెల్లెలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దేన్ని ముట్టుకోవాలన్నా భయమే.

"చోద్యం చూడ్డానికొచ్చావా? ఆ గరుకాకుదాన్ని లాగు. పక్కదాన్ని ముట్టుకున్నావో, చంపేస్తా."

చెల్లెలు లాగింది. ఈసారి కలుపే వచ్చింది.

ఆమెని వెతుక్కుంటూ లారీ అక్క ఇంటి ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు గోడ మీంచి తొంగిచూశాడు. "అమ్మా, మిగతా సామాను కూడా ఎక్కించమంటారా, ఎక్కించింది దించమంటారా?"

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది.

"దించు నాయనా, ఇక్కడే," అంది అక్క. "చూసి దించు. మొక్కల మీద పెట్టేవు."