పేనితే తాడయ్యే మట్టి

వంతెన చివర కాంక్రీటు గోడ అక్కర్లేదని, మట్టినే గోడలా నిలబెట్టడం నేర్పుతారని విని చంద్రరావు నవ్వాడు. "పొరపొరకీ గుడ్డ పరిచి మట్టి పోస్తారంట. వంతెనండీ అది, పరుపా?" ఇరవై ఏడేళ్ళుగా కాలువల మీద వంతెనలు కట్టిస్తున్న వర్క్ ఇన్‌స్పెక్టరు అతను. ఆర్డరు వచ్చింది కాబట్టి, పుష్కరాలకు ముందు వేసవిలో, మూడు రోజుల శిక్షణకి రాజమండ్రి వెళ్ళాడు.

నేర్పే ఇంజనీరు హేమశ్రీకి ముప్పయ్యేళ్ళు ఉండవు. జానెడు మందాన గ్రావెల్ పోయించి, దిమ్మిసతో కొట్టించి, మీద గట్టి నేతగుడ్డ పరిపించింది. మళ్ళీ గ్రావెల్, మళ్ళీ గుడ్డ. నడుమెత్తు లేచిన ఆ దిమ్మ మీద నలభై సిమెంటు బస్తాలు పేర్పించింది. దిమ్మ కదల్లేదు.

గ్రావెల్ తట్టలు మోస్తున్న కూలీల్లో, ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన లోవమ్మ ఉందని చంద్రరావు రెండో రోజు గమనించాడు. ఆమె అతన్ని మొదటి రోజే చూసింది. నమస్కారం పెట్టలేదు.

"గుడ్డ ఎంత మంచిదైనా మట్టి చెడ్డదైతే లాభం లేదండి," అంటూ హేమశ్రీ నల్లటి ముద్ద ఒకటి చంద్రరావు చేతిలో పెట్టింది. "మీరు పెద్దవారు, చూపించండి. తడిపి పేనండి. సన్నగా తాడులా వస్తే అది వానకి ఉబ్బి, ఎండకి కుంగే మట్టి. వంతెన దగ్గరికి రానివ్వకూడదు."

పేనాడు. తాడులా వచ్చింది.

నాలుగేళ్ళ కిందట, నరసాపురం వైపు ఒక చిన్న వంతెన దగ్గర, ఇదే లోవమ్మ ఇలాంటి తాడే పేని అతనికి చూపించింది. "ఇది నల్లరేగడండయ్యా. ఇక్కడ పోస్తే కూర్చుండిపోద్దండి." గ్రావెల్ వచ్చేదాకా ఆగడం ఇష్టంలేక కాలువ గట్టు తవ్వించి, ఆ మట్టిని వంతెన గోడ వెనక పోయిస్తున్నది చంద్రరావే. అందరూ చూస్తుండగా ఆ తాడు కాలువలోకి విసిరేశాడు. "మోసేదానివి మొయ్యి. నువ్వేమన్నా ఇంజనీరువా?"

మొదటి వానాకాలానికే గోడ పగిలి రోడ్డు అడుగున్నర దిగిపోయింది. కూలీలు దిమ్మిస సరిగా కొట్టలేదని రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. ఆ ముఠాకి మేస్త్రి లోవమ్మే. తరవాత ఆమెని మేస్త్రిగా ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఇంకొకరి ముఠాలో తట్ట మోస్తోంది.

"ఈ పరీక్ష ఇక్కడ ఎవరికైనా ముందే తెలుసా అండి?" అని అడిగింది హేమశ్రీ.

లోవమ్మ తట్ట దించి అతని వంక చూసింది. ఆమె నోటితోనే చెప్పేస్తే బాగుండునని అతను కోరుకున్నాడు.

"లోవమ్మకి తెలుసండి," అన్నాడు చివరికి. "నాకు అప్పుడే చెప్పింది. నేను వినలేదు. వంతెన కుంగితే రిపోర్టు వాళ్ళ మీద రాశాను."

అందరూ అతని వైపు తిరిగారు. "పోన్లెండి, ఒప్పుకున్నారు, అదే గొప్ప," అంది హేమశ్రీ. ఆ మెప్పుకి అతని తల ఇంకా దిగిపోయింది.

లోవమ్మ నవ్వింది. "ఇక్కడ ఒప్పుకుంటే నాకేంటండి? ఆ కాయితం ఆఫీసులో అలాగే ఉంది. ఇంకో కాయితం రాయండి."

"రాస్తాను లోవమ్మా. చేతులు మట్టిగా ఉన్నాయి, తరవాత..."

"కడుక్కోండి. నీళ్ళు నేను పోస్తానండి."

చెంబు అప్పటికే ఆమె చేతిలో ఉంది.