పన్నెండో స్తంభం

మా చిలగడదుంప తీగల మీదుగా చిన్నదొర ట్రాక్టరు పోతుంటే మేం కంచె ఇవతల నిలబడి చూశాం. గడ్డలు ఊరడానికి ఇంకా ఇరవై రోజులుంది. చెరకు నరకడం అయిపోయాక మా నెగ్రోస్ దీవిలో నాలుగు నెలలు ఎవరికీ కూలి ఉండదు. వాటిని చావునెలలంటాం. ఆ నాలుగు నెలలూ మా పిల్లల కడుపులో పడేది ఆ గడ్డలే.

కమతం మధ్య ఉన్న పాత బంగళాకు పద్నాలుగేళ్లుగా తాళం. చుట్టూ ఆరెకరాల్లో పాములు తిరిగేవి. పొదలు కొట్టింది మేం, దున్నింది మేం. ఇప్పుడు మనీలా నుంచి చిన్నదొర రామిరో దిగాడు. బంగళా పర్యాటకుల విడిది అవుతుందట, మా చేను పచ్చికబయలు అవుతుందట. వాకిట్లో బోర్డు కూడా పెట్టించాడు: 'యుద్ధానికి ముందు మా తాతగారు స్వహస్తాలతో కట్టిన ఇల్లు.' ఆ హస్తాలు చుట్ట తప్ప మరొకటి ఎత్తి ఎరగవు.

ఆ సాయంత్రమే మా కూలీల సంఘం నాయకుడు దెల్ఫిన్ ఇంట్లో కూడాం. దొర మేస్త్రీ ఇస్కో అక్కడికే కబురు తెచ్చాడు.

"ప్రారంభం నాడు సియానా అవ్వ వచ్చి పాతకాలం ముచ్చట నాలుగు ముక్కలు చెప్పాల్నంట. మంచిగ చెప్తే ఇంటికో బియ్యం బస్తా."

"బస్తా ఎన్ని దినాలొస్తదిరా? మా భూమి సంగతేంది?" అన్నాడు దెల్ఫిన్.

"కడుపు కాలుతుంటే భూమిని నాకుతమా?"

ఆ మాట అన్నది నేనే. ఇంట్లో ముగ్గురు పిల్లలు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

గది రెండుగా చీలి అరుచుకుంది. ఎనభై ఆరేళ్ల సియానా అవ్వ నోట్లో వక్క ఉమ్మేసింది. "లొల్లి ఆపుండ్రి. ముచ్చట చెప్పుమన్నడు గద, పోయి చెప్త."

రెండు రోజుల తర్వాత, ప్రారంభం రోజు పెద్ద బల్ల మీద ముక్కలు చెయ్యకుండా కాల్చిన పందిని పెట్టారు. అతిథులు చుట్టూ చేరారు. మేం కంచె దగ్గరే. చిన్నదొర అవ్వ భుజం మీద చెయ్యి వేసి, "మా తాత గురించి చెప్పు అవ్వా" అన్నాడు.

అవ్వ మెట్లెక్కలేదు. స్తంభాల మీద లేచిన ఆ బంగళా కిందికి వెళ్లి ఒక్కోదాన్నీ తట్టుకుంటూ పోయింది.

"ఇల్లు నిలవాలని, స్తంభం దించేముందు గుంతల పంది నెత్తురు పోస్తరు. ఈ పదకొండిటికి పోసిన్రు. ఇగో, ఈ పన్నెండోదానికి పొయ్యలే."

"ఎందుకు?" అని అతిథుల్లో ఒకావిడ అడిగింది.

"మా నాయిన తెర్యో గుంతల ఉండంగ తాడు తెగింది. స్తంభం ఆయన మీద వడ్డది. నాకప్పుడు ఆరేండ్లు, ఆయనకు బువ్వ తెచ్చిన. నీ తాత గుంతలకు తొంగిచూసిండు బాబూ. 'నెత్తురు వడ్డది గద, ఇగ పంది దండుగ' అన్నడు."

చిన్నదొర నవ్వబోయి ఆగిపోయాడు.

"ఆ పందిని గృహప్రవేశానికి కాల్చిన్రు. నాకూ ఓ తునక ఇచ్చిన్రు. ఆకలైతుండె, తిన్న." అవ్వ ఆ స్తంభం మీద చెయ్యి ఆనించింది. "ఎనభై ఏండ్లాయె. నోట్లకెళ్లి ఆ రుచి పోతలేదు." మా వైపు తిరిగింది. "ఏమే నెనితా, బియ్యం గావాల్నా?"

నేను వంగి కంచె తీగ పైకెత్తి పట్టుకున్నాను. ముందు దెల్ఫిన్ దూరాడు, తర్వాత అందరూ. ట్రాక్టరు తెంపిన తీగల్నే ముక్కలు చేసి, అది దున్నిన మట్టిలోనే నాటుకుంటూ పోయాం. "దొర మనకు ఉత్తగ దున్నిపెట్టిండే!" అని ఎవరో అంటే ఏడుస్తూనే నవ్వాం.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. దెల్ఫిన్‌నీ అవ్వనీ ఎక్కించారు. అవ్వ చేతులు మట్టి మట్టిగా ఉన్నాయి. జీపు కదులుతుంటే వెనక్కి తిరిగి అరిచింది.

"తీగలకు నీళ్లు పొయ్యిండ్రే! ఎండకు సస్తయి!"

దొర కాపలావాడు తుపాకీ ఎత్తి బావి ముందు నిలబడ్డాడు. నేను బిందె పట్టుకుని అతని మీదికే నడిచాను. నా వెనక నూట ఇరవై మంది, బిందెలతో, నూనె డబ్బాలతో. అతను పక్కకు తప్పుకున్నాడు.

చీకటి పడేలోగా ప్రతి తీగకూ నీళ్లు పోశాం. మొదటి బిందె పన్నెండో స్తంభం మొదలు దగ్గర అవ్వ నాటినదానికి.